‘యాంగ్రీ ఆన్ మీ’ ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న:

మాష్టారూ, నమస్కారం. మాది నెల్లూరు దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక చెన్నై వచ్చి పెరుంగుడిలో స్థిరపడ్డాం. పిల్లవాడు కాస్త పెద్దయ్యాక మళ్ళీ ఉద్యోగంలో చేరాను. ఓఎంఆర్ మీద ఒక ఆఫీసులో అకౌంట్స్ పని. ఈ మధ్య మా టీమ్‌కి కొత్త లీడ్ వచ్చాడు. నాకంటే చిన్నవాడు. నా మెయిల్స్‌కి ఎర్రగీతలు పెట్టి తిప్పి పంపిస్తున్నాడు. ‘వుయ్ డిస్కస్డ్ అబౌట్ ద బిల్’ తప్పట. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ తప్పట. ‘ద క్లయింట్ ఈజ్ యాంగ్రీ ఆన్ మీ’ తప్పట. మొన్న ‘హూ షుడ్ ఐ షేర్ దిస్ ఫైల్ విత్?’ అని రాస్తే, వాక్యం చివర ప్రిపోజిషన్ పెట్టకూడదని అందరి ముందూ అన్నాడు. నేను ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అన్నప్పుడల్లా ఇద్దరు ముగ్గురు నవ్వుతారు. దీనికంతా ఒక మూల సూత్రం ఉంటే చెప్పండి.

ఇంకో సంగతి. ఏడో తరగతి చదివే మా వాడు ‘తెలుగులో ప్రిపోజిషన్లు ఏవమ్మా?’ అనడిగాడు. వాళ్ళ నాయనమ్మ ‘డు ము వు లు ప్రథమా విభక్తి’ అని మొదలుపెట్టి చివరిదాకా అప్పజెప్పింది. వాడికి అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కాలేదు.

– ఒక పాఠకురాలు, పెరుంగుడి, చెన్నై

సమాధానం:

అమ్మా, మీ లీడ్ పెట్టిన గీతల్లో మొదటి మూడూ న్యాయమైనవే. నాలుగోది, ఆ ‘విత్’ మీద పెట్టింది, ఎవరో చెప్పగా విని నమ్మిన మాట. నలుగురి ముందు అనడం మర్యాదేనా అన్నది వేరే సంగతి. వ్యాకరణం వరకూ అక్కడ పొరపాటు అతనిదే.

మూల సూత్రం అడిగారు. అలాంటిది ఒకటుంటే స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లన్నీ ఈపాటికి తాళాలు వేసుకునేవి. అయితే మీరు రాసిన తప్పులన్నీ నాలుగైదు చోట్లే పుడుతున్నాయి, ఆ చోట్లు చాలావరకు తెలుగులో ఉన్నాయి. అందుకని ముందు మీ వాడి ప్రశ్న తీసుకుంటాను. అది తేలితే మీది సగం తేలినట్టే.

తెలుగులో ప్రిపోజిషన్లు లేవు. వాటి పని ఉంది, ఆ పని చేసే మాటలున్నాయి, అవి కూర్చునే చోటు వేరు. ఇంగ్లీషులో నామానికి ముందు వచ్చేది మనకు నామం వెనక వస్తుంది. వాడి చేత రెండు ముక్కలు ఒకదాని కింద ఒకటి రాయించండి. ‘మంచం కింద నుంచి.’ ‘ఫ్రమ్ అండర్ ద కాట్.’ మనం మంచంతో మొదలుపెట్టి, కింద అని, చివర నుంచి అన్నాం. వాళ్ళు నుంచితో మొదలుపెట్టి, కింద అని, మంచం దగ్గర ఆగారు. అద్దంలో చూసినట్టు మొత్తం తిరగబడింది. ఇంకాస్త పొడుగుది ఇవ్వండి: ‘చెన్నైలో ఉండే మా అత్త కూతురి పెళ్ళికి.’ ఇంగ్లీషులో ‘టు ద వెడ్డింగ్ ఆఫ్ ద డాటర్ ఆఫ్ మై ఆంట్ హూ లివ్స్ ఇన్ చెన్నై.’ మనం చెన్నైలో బయల్దేరి పెళ్ళికి చేరుకుంటే, వాళ్ళు పెళ్ళిలో బయల్దేరి చెన్నై చేరుకున్నారు. దారిలో కూతురూ అత్తా కూడా ఎదురు వరసలోనే తగిలారు.

ఇది మన భాష ఒక్కదాని తీరు కాదు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త ప్రపంచం నలుమూలల నుంచి 30 భాషలు తీసుకుని పదాల వరసను పోల్చి చూసి, 1963లో ఆ ఫలితాలు ప్రచురించాడు. క్రియ వాక్యం చివర వచ్చే భాషల్లో ఈ సంబంధం చెప్పే మాటలు నామం వెనకే ఉంటాయని, ఏదో యాదృచ్ఛికంగా జరిగిందనడానికి వీల్లేనంత ఎక్కువగా ఉంటాయని తేల్చాడు. ఆ ముప్ఫైలో మన భాషా కుటుంబం తరఫున కన్నడం ఉంది. ఈ మాటలను వెనక పెట్టడంలో తమిళమూ అంతే, హిందీ అంతే, జపనీస్ అంతే. కాబట్టి మీ వాడు వీధిలో ఆడుకునే భాష, బడిలో రెండో మూడో భాషగా చదివేది, ఇంట్లో మాట్లాడేది అన్నీ ఒక పక్షం. ఇంగ్లీషు ఒక్కటే అవతలి పక్షం.

ఇక నాయనమ్మగారి ‘డు ము వు లు’. ఆమెను తక్కువ చేయకండి, అప్పజెప్పింది తప్పేమీ కాదు. ఆ పట్టిక మన బడుల్లోకి చిన్నయ సూరి బాలవ్యాకరణం దారిన వచ్చింది. 1858లో అచ్చయిన పుస్తకం అది, రాసింది మీరుండే ఊళ్ళోనే. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడు. (మెరీనా ఎదురుగా ఇప్పుడు మనం చూసే ఎర్ర భవనం ఆయన పోయాక కట్టింది.) విభక్తులు ఏడు అన్న లెక్క సంస్కృతానిది. తెలుగు ప్రత్యయాలను తెచ్చి ఆ ఏడు గదుల్లో సర్దారు. సర్దినప్పుడు కొన్ని సరిగ్గా పట్టలేదు. ‘పిల్లాడికి ఇచ్చాను’లో ఉన్న కి చతుర్థిలో ఉండాలనిపిస్తుంది, పట్టికలో షష్ఠిలో యొక్క పక్కన కూర్చుంది. రోజూ నోట్లో నానే మీద, నుంచి, దాకా, దగ్గర ఆ పట్టికలో ఎక్కడా లేవు. మీ వాడికి అర్థం కాకపోవడానికి కారణం వాడి తెలివి కాదు. ఇదే మద్రాసులో అంతకు నలభై ఏళ్ళ ముందే, 1816లో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందు, అదే కంపెనీలో పనిచేసే ఎల్లిస్ దొర ఒక వ్యాసం చేర్చి, తెలుగు సంస్కృతంలోంచి పుట్టింది కాదని, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబమని ఉదాహరణలతో చూపించాడు. ఆ మాట పండితుల దాకా వెళ్ళింది గానీ బడి పట్టికను మార్చలేదు.

వాడికి నేనైతే ఇలా చెబుతాను. నామానికి అంటుకుని మాత్రమే బతికేవి కొన్ని: ని, కి, తో, లో. వీటిని విడిగా పలికితే అర్థం ఉండదు. రెండో రకం, ఒకప్పుడు తామే నామాలుగా ఉండి ఈ పనికి దిగినవి: మీద, కింద, ముందు, వెనక, పక్క, దగ్గర, మధ్య. నామాలని ఎలా తెలుసంటే, వీటికి మళ్ళీ ప్రత్యయాలు తగులుతాయి. పక్కకి జరుగు, కిందికి దిగు, దగ్గరికి రా, మధ్యలో కూర్చో. ‘లోకి’ ఉంది గానీ ‘తోకి’ అనేది లేదు కదా, అది వాడికే పట్టుబడుతుంది. (లో సంగతి కొంచెం రెండు పడవల మీద కాలు, ఏడో తరగతికి ఆ గొడవ వద్దు.)

ఈ రెండో రకంలో తెలుగు ఎంత సన్నగా కొలుస్తుందో ఆటో ఎక్కినప్పుడు చూడండి. ‘గుడి ముందు ఆపు’ అంటే గుడి ఎదురుగా. ‘గుడికి ముందు ఆపు’ అంటే గుడి ఇంకా రాకముందే. ఒక్క కి తేడా. మొదటిది ‘ఇన్ ఫ్రంట్ ఆఫ్’, రెండోది ‘బిఫోర్’. ‘బిఫోర్ ద టెంపుల్’ అని చెప్పి ఎదురుగా దిగాలనుకునేవాళ్ళు ఈ కి గుర్తు తెచ్చుకుంటే చాలు.

చెన్నైలో పెరిగే పిల్లల దగ్గర నేను ఎక్కువగా వినే తప్పు ఇంకొకటి ఉంది, మీ వాడి నోటా వచ్చే ఉంటుంది: ‘ఇల్లులో’, ‘నోరులో’, ‘చెయ్యిలో’. వెనక మాట చేరేముందు నామమే రూపు మార్చుకోవాలి. ఇల్లు ఇంటి అవుతుంది, నోరు నోటి, చెయ్యి చేతి, ఊరు ఊరి. ఆ తర్వాతే లో, కి, మీద. పాత వ్యాకరణం ఈ ఇ, టి, తి అనేవాటికి ఔపవిభక్తికాలని బరువైన పేరు పెట్టింది. పేరు వాడికి చెప్పక్కర్లేదు. తమిళంలో ‘వీడు’ అన్నవాడు ‘వీడులో’ అనడు, ‘వీట్టుల’ అంటాడు కదా అనండి. వీధిలో తెలియకుండానే చేస్తున్న పని ఇంట్లోనూ చేయమనడమే.

సరే, ఇక మీ మెయిల్స్.

‘యాంగ్రీ ఆన్ మీ’ పుట్టుక చెప్పనవసరం లేదు, ‘నా మీద కోపం’. మీదకు ఆన్ అని ఎప్పుడో చిన్నప్పుడు ‘ద బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్’ దగ్గర జత కట్టేశాం. ఆ జత పుస్తకానికీ బల్లకీ సరిపోయింది, కోపానికి సరిపోదు. కోపం నిజంగా ఎవరి నెత్తిమీదా కూర్చోదు, అది మన భాష అనుకున్న తీరు. ఇంగ్లీషు ఇంకోలా అనుకుంది, ‘యాంగ్రీ విత్ మీ’ అంది. ‘లెక్కల్లో గట్టి’ కనుక ‘గుడ్ ఇన్ మ్యాథ్స్’ అంటాం, వాళ్ళకు ‘గుడ్ ఎట్’. ‘అతనితో పెళ్ళయింది’ కనుక ‘మ్యారీడ్ విత్’ అంటాం, వాళ్ళకు ‘మ్యారీడ్ టు’. వీటిలో ఏది న్యాయం అని తర్కించి లాభం లేదు. కనుక ప్రిపోజిషన్‌ను విడిగా, దానికో తెలుగు అర్థం పక్కన రాసుకుని నేర్చుకోకండి. యాంగ్రీ అన్న మాటను ఎప్పుడూ యాంగ్రీ-విత్ అనే నేర్చుకోండి, తోకతో సహా. డిక్షనరీలో ఆ మాట దగ్గర ఉదాహరణ వాక్యం తప్పకుండా ఉంటుంది, అర్థం చూసి మూసేయకుండా అది కూడా చదవండి.

‘డిస్కస్ అబౌట్’ మాత్రం వేరే జాతి. ఇది ఒక్క తెలుగువాళ్ళ తప్పు కాదు, దేశమంతటా ఆఫీసు ఇంగ్లీషులో ఉంది. దీని వెనక ఒక చక్కని కారణం ఉంది, అది తెలిస్తే పాతిక తప్పులు ఒక్కసారిగా పోతాయి. తెలుగులో ‘బిల్లును చర్చించాం’ అనొచ్చు. ‘బిల్లును చర్చ’ అనలేం. ‘బిల్లు గురించి చర్చ’, ‘బిల్లు మీద చర్చ’ అనాలి. ఎందుకని? చర్చించడం క్రియ, దానికి కర్మ నేరుగా తగులుతుంది. చర్చ నామం, నామానికి కర్మ నేరుగా తగలదు, మధ్యలో ఒక వంతెన కావాలి. ఇంగ్లీషులోనూ అచ్చం ఇదే లెక్క. ‘డిస్కస్ ద బిల్’ క్రియ కనుక వంతెన అక్కర్లేదు. ‘ఎ డిస్కషన్ అబౌట్ ద బిల్’ నామం కనుక కావాలి. మనం చేస్తున్నదల్లా నామం పక్కన ఉండే అబౌట్‌ను పొరపాటున క్రియ పక్కకు తెచ్చుకోవడం.

ఇప్పుడు మీ ఆఫీసులో రోజూ వాడే మాటలు ఒక్కొక్కటే ఈ లెక్కలో పెట్టి చూడండి. ‘ఎ రిక్వెస్ట్ ఫర్ పేమెంట్’ సరే, ‘వుయ్ రిక్వెస్టెడ్ ఫర్ పేమెంట్’ కాదు, ఫర్ తీసేయాలి. ‘ఎన్ ఆర్డర్ ఫర్ టెన్ చైర్స్’ సరే, ‘వుయ్ ఆర్డర్డ్ ఫర్ టెన్ చైర్స్’ కాదు. ‘ఎంఫసిస్ ఆన్ క్వాలిటీ’ సరే, ‘హి ఎంఫసైజ్డ్ ఆన్ క్వాలిటీ’ కాదు. ‘ద ఆన్సర్ టు యువర్ క్వశ్చన్’ సరే, ‘ఐ ఆన్సర్డ్ టు యువర్ క్వశ్చన్’ కాదు. అయితే ‘రిప్లై’ ఈ లెక్కకు లొంగదు, అది క్రియగా ఉన్నా ‘రిప్లై టు’ అనే అనాలి. ‘వెయిట్ ఫర్’ కూడా అంతే. అన్ని క్రియలకూ ఈ కొలత పనికొస్తుందని నేననను. అబౌట్, ఫర్, ఆన్ రాయబోయే ముందు ఇది క్రియా, లేక నామమా అని ఒక్క క్షణం ఆగితే, ఎర్రగీతలు ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతాయి.

‘సిన్స్ టూ ఇయర్స్’ దగ్గర మాత్రం తెలుగే మీకు పరీక్ష పెట్టే పనిముట్టు ఇస్తుంది, మీరు వాడుకోవడం లేదంతే. ‘రెండేళ్ళ నుంచి’ అంటాం, ‘2022 నుంచి’ అంటాం. రెండింటికీ నుంచే. ఇంగ్లీషు మాత్రం మొదలైన క్షణానికి సిన్స్, గడిచిన వ్యవధికి ఫర్ అని విడదీసింది. ఏది ఏదో తేల్చుకోవడానికి నుంచి తీసి ‘గా’ పెట్టి చూడండి. ‘రెండేళ్ళుగా పనిచేస్తున్నాను’ కుదిరింది, కనుక ఫర్. ‘2022గా పనిచేస్తున్నాను’ అనలేం, కనుక సిన్స్. ‘సోమవారంగా’ అనం, సిన్స్. ‘మూడు రోజులుగా’ అంటాం, ఫర్. ఇంకో మెలిక, ‘ఐ యామ్ వర్కింగ్’ కూడా మార్చాలి. మనకు చేస్తున్నాను సరిపోతుంది, వాళ్ళకు వెనక నుంచి ఇప్పటిదాకా సాగుతున్న పనికి ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్’ కావాలి. మొత్తం వాక్యం: ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్.’

మీరు అడగలేదు గానీ, అకౌంట్స్ వాళ్ళు కనుక చెబుతున్నాను, ‘టిల్’ విషయంలో జాగ్రత్త. ‘బిల్లులు శుక్రవారంలోగా పంపండి’ అనడానికి ‘సెండ్ ద బిల్స్ టిల్ ఫ్రైడే’ అని రాస్తే, శుక్రవారం దాకా పంపుతూనే ఉండండి అని. లోగా అయితే బై, దాకా అయితే టిల్. ఇది తెలుగులో ఎవరూ కలగాపులగం చేయరు, అదే తేడా అక్కడ పెట్టండి.

ఇన్, ఆన్, ఎట్‌ల మీద ఒక పుస్తకమే రాయొచ్చు, నేను రాయను. కాలానికి మాత్రం మన దగ్గర తూకం దాదాపు సరిగ్గా ఉంది: ‘పదింటికి’ అన్న కి ఎట్, ‘సోమవారం’ అని ఊరుకుంటే ఆన్, ‘మార్చిలో’ అన్న లో ఇన్. చోటు దగ్గర మన ‘లో’ చాలా పెద్ద సంచి. ఫోన్‌లో మాట్లాడతాం, టీవీలో చూస్తాం, బస్సులో వస్తాం. ఆ మూడింటికీ వాళ్ళు ఆన్ అంటారు. కారుకీ ఆటోకీ మాత్రం ఇన్. లేచి నిలబడి నడవగలిగే బండి అయితే ఆన్, దూరి కూర్చునేదైతే ఇన్ అనుకుంటే సగానికి పైగా సరిపోతుంది. అడ్రసుకైతే మీ ఉత్తరమే ఉదాహరణ: పెరుంగుడి పేట కనుక ‘ఇన్ పెరుంగుడి’, ఓఎంఆర్ రోడ్డు కనుక ‘ఆన్ ఓఎంఆర్’. మీరు తెలుగులో కూడా ‘ఓఎంఆర్ మీద’ అనే రాశారు. చాలామంది ‘ఓఎంఆర్‌లో’ అంటారు, తెలుగులో అదీ తప్పు కాదు.

ఇప్పుడు ఆ ‘విత్’. ‘హూ షుడ్ ఐ షేర్ దిస్ ఫైల్ విత్?’ మంచి ఇంగ్లీషు. అంతకంటే చెప్పాల్సింది, ఇది మీ తెలుగు నీడ పడని వాక్యం. తెలుగులో ‘ఈ ఫైలు ఎవరితో పంచుకోవాలి’ అన్నప్పుడు ఎవరినీ తోనీ విడదీయలేం. తో ఒంటరిగా వాక్యం కొసన నిలబడలేదు, అంటుకునే బతకాలి. ఇంగ్లీషు విత్ విడి మాట కనుక, దాని తాలూకు హూ ముందుకు వెళ్ళిపోయినా అది తన చోట తాను నిలబడగలదు. అది పట్టుకుని మీరు రాశారంటే ఆ భాష మీకు పట్టుబడుతోందని అర్థం.

మరి కూడదన్న మాట ఎక్కడిది? 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి, తనకంటే ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాల్లో ప్రిపోజిషన్ చివర పడటం ఒక లోపమని ఎత్తి చూపాడు. కారణమేమీ రాయలేదు. లాటిన్‌లో అలా కుదరదు, చదువుకున్నవాళ్ళంతా లాటిన్‌నే కొలబద్దగా పెట్టుకున్న కాలమది. డ్రైడెన్ అక్కడితో ఆగక 1684లో తన పాత వ్యాసాన్ని మళ్ళీ అచ్చు వేసినప్పుడు అందులోవి కూడా దిద్దుకున్నాడు. తర్వాత 1762లో రాబర్ట్ లౌత్ అనే మతగురువు రాసిన వ్యాకరణం బడుల్లో బాగా చలామణి అయింది. నిషేధం ఆయన పేరు మీద చెబుతుంటారు గానీ ఆయన నిషేధించలేదు. మాటల్లోనూ మామూలు రాతలోనూ ఇది మన భాషకు అలవాటే, గంభీరమైన శైలికి మాత్రం ముందు పెట్టడం అందం అన్నాడు. అలవాటే అని చెప్పిన ముక్కనే ‘టు’తో ముగించాడు, కావాలనే అని నా అనుమానం. ఆ తర్వాతి పంతుళ్ళు అందం అన్నదాన్ని చట్టం చేశారు. 1926లో ఫౌలర్ అనే ఇంగ్లీషు నిఘంటుకర్త తన వాడుక నిఘంటువులో దీన్ని ఒక మూఢనమ్మకంగా తేల్చి పారేశాడు. దానికి వందేళ్ళు కావస్తోంది, అయినా మూఢనమ్మకాలు ఆఫీసుల్లో ఎక్కువ కాలం బతుకుతాయి.

మీ లీడ్‌తో దీని మీద వాదం పెట్టుకోమని నేననను. క్లయింట్ పెద్దవాళ్ళకు రాసే మెయిల్లో ‘విత్ హూమ్ షుడ్ ఐ షేర్ దిస్ ఫైల్?’ అని రాయండి, లౌత్ చెప్పిన గంభీర శైలి అదే. పక్క సీటు వాళ్ళకు రాసేటప్పుడు అలా రాస్తే కోర్టు నోటీసులా ఉంటుంది, అక్కడ మీ పాత వాక్యమే ఉంచండి.

పదాల వరస దగ్గర అసలు జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. ‘స్విచ్ ఆఫ్ ద లైట్’, ‘స్విచ్ ద లైట్ ఆఫ్’ రెండూ ఒప్పే. లైట్ బదులు ఇట్ వస్తే మాత్రం ‘స్విచ్ ఇట్ ఆఫ్’ ఒక్కటే ఒప్పు. ‘నోట్ డౌన్ ఇట్’, ‘సెండ్ బ్యాక్ ఇట్’ అని నేను చాలా మెయిల్స్‌లో చూశాను, ఇట్‌ను మధ్యలోకి తోసేయండి. మనం ఆ ఆఫ్‌ను తీసుకొచ్చి ‘ఆఫ్ చెయ్యి’ అని తెలుగు క్రియ చేసేసుకున్నాం, అందుకే అది అటూ ఇటూ కదులుతుందని తోచదు.

అసలు ఇంగ్లీషుకు వరస అంటే ఎందుకంత పట్టింపో చూడండి. ‘అత్త కోడల్ని మెచ్చుకుంది’, ‘కోడల్ని అత్త మెచ్చుకుంది’ మనకు ఒకటే. ని అనేది కోడల్ని పట్టుకుని ఉంది కనుక ఆమెను ఎక్కడ కూర్చోబెట్టినా మెప్పు ఆమెకే. ఇంగ్లీషులో ఆ రెండు మాటలు తారుమారు చేస్తే మెచ్చుకునేది కోడలవుతుంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో వాళ్ళకూ నామాల చివర విభక్తి గుర్తులుండేవి. క్రమంగా అవి అరిగిపోయాయి. ఇప్పుడు హి-హిమ్, హూ-హూమ్ లాంటి చోట్ల ఆనవాళ్ళు మిగిలాయి. గుర్తులు పోయాక ఎవరు ఎవరిని అన్నది చెప్పే భారం వరస మీదా ప్రిపోజిషన్ల మీదా పడింది. మనకు వరస ఖాళీగా ఉంది కనుక దాన్ని ఒత్తి చెప్పడానికి వాడుకుంటాం. ‘ఈ ఫైలు నేను నిన్న పంపాను’ అంటే నిన్న మీద బరువు, ‘ఈ ఫైలు నిన్న నేను పంపాను’ అంటే నేను మీద. క్రియకు ఆనుకుని ఉన్న మాటకే బరువు ఎక్కువ. మెయిల్లో ఆ బరువు రావాలంటే ఇంగ్లీషులో ‘ఇట్ వాజ్ యెస్టర్‌డే దట్ ఐ సెంట్ ద ఫైల్’ అని వాక్యాన్నే వేరేగా కట్టాలి.

మిగిలింది మీ ‘హియర్ ఓన్లీ’. నవ్వేవాళ్ళలో సగం మంది ఇంట్లో అదే అంటారు, తమిళం వాళ్ళయితే ‘ఇంగేదాన్’ అన్న దాన్‌ని ఓన్లీ చేసి మరీ అంటారు. మన ‘ఇక్కడే’ చివర ఉన్న ‘ఏ’ అనేది రెండు పనులు చేస్తుంది. ‘నాకు కాఫీయే కావాలి’ అంటే ఇంకేదీ వద్దని, అక్కడ ఓన్లీ సరిపోతుంది. ‘ఇక్కడే ఉన్నాను’ అన్నప్పుడు ఇంకెక్కడా లేనని కాదు కదా చెబుతున్నది, ఇక్కడ అన్నదాన్ని గట్టిగా అనడమే. ఓన్లీకి ఈ రెండో పని రాదు. రెండో పని కనబడ్డ చోటల్లా వేరే మాట వెతకాలి: ఇక్కడే అయితే ‘రైట్ హియర్’, ఇప్పుడే వచ్చాను అయితే ‘జస్ట్ నౌ’, నేనే చేశాను అయితే ‘ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్’, అదే ఫైలు అయితే ‘ద సేమ్ ఫైల్’. మొదటి పని ఉన్న చోట ఓన్లీని తెలుగులో ‘ఏ’ తగిలే మాటకు ముందు ఆనించండి. ‘ఫైలే పంపాను’ అయితే ‘ఐ సెంట్ ఓన్లీ ద ఫైల్’, ‘నేనే పంపాను, ఇంకెవరూ పంపలేదు’ అయితే ‘ఓన్లీ ఐ సెంట్ ద ఫైల్’, ‘నిన్ననే పంపాను’ అయితే ‘ఐ సెంట్ ద ఫైల్ ఓన్లీ యెస్టర్‌డే’. ఇక సీట్లో ఉన్నారా అని లీడ్ చాట్‌లో అడిగితే రైట్ హియర్ కూడా అక్కర్లేదు, ‘ఎస్, ఎట్ మై డెస్క్’ అని కొట్టండి. ఎట్ కూడా సరైన చోటే పడుతుంది.